విఠల్‌రావు సారు సన్మాన పత్రం

బోధన్ దగ్గరి బళ్లో పనిచేసే ఎస్తర్ టీచరుది ముత్యాల్లాంటి దస్తూరి. ఇరవయ్యేళ్లుగా అక్కడ ఎవరు రిటైరైనా సన్మాన పత్రం ఆమే రాసేది. ఎర్రంచు గీసి, భర్త పాల్ రాజ్ చేత ఫ్రేము కట్టించి, వేదిక మీద తనే చదివేది. అన్నిట్లో అవే పొగడ్తలు కనుక ముందుగా ఎవరూ చూసేవారు కాదు.

ఈసారి వంతు హెడ్మాస్టర్ విఠల్‌రావుది. "మీరే రాయాలె మేడం, మంచిగ రాయుండ్రి," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్ల కిందట నిజామాబాద్ ఆస్పత్రిలో తల్లి శారమ్మ చావుబతుకుల్లో ఉందని ఫోనొస్తే, ఒక్కపూట సెలవడిగింది. ఆ రోజు తనిఖీ. "పనైనంక పోండ్రి," అన్నాడాయన తల కూడా ఎత్తకుండా. బడి వదిలాక బస్సెక్కి చేరేసరికి తల్లి ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆయనకది గుర్తు కూడా లేదు. ఆమె మాత్రం ఈ రోజు కోసమే కాచుకుంది.

శాలువా కప్పుకొని పూలదండల్లో మునిగిన ఆయన పక్కన నిలబడి ఎస్తర్ గొంతు సవరించుకుంది.

"క్రమశిక్షణకు మారుపేరైన మీరు, తల్లి చివరిచూపు కోసం ఒక టీచరు ఒక్కపూట సెలవడిగితే తనిఖీ ఉందని ఇవ్వలేదు. ఆ టీచరు నేనే," అని పొగడ్త చదివినంత తీయగా చదివింది.

చప్పట్లకు లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ముందు వరుసలో ఆయన భార్య తల దించుకుంది.

ఎస్తర్ ఫ్రేమును ఆయన చేతుల్లో పెట్టింది.

"పనైంది సార్," అంది. "ఇగ పోతున్న."