లావణ్య ఖాళీగా వదిలిన పైమెట్టు

2022. రాజమండ్రిలో ఓ పిల్లల ఆస్పత్రిలో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. ఆందోళనతో వచ్చే హైస్కూలు పిల్లల కోసం అప్పుడే మా గదిలోకి ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చింది. భయపెట్టే ఆలోచనను పట్టుకుని, అది ఎంతవరకు నిజమో పరీక్షించి చూసుకునే పద్ధతిని సీబీటీ అంటారు. దాన్ని పిల్లలు తెర ముందు కూర్చుని తమంతట తామే నేర్చుకుంటారు. నేను పక్కన ఉంటాను, అంతే. మనిషి చేయాల్సిన పని మిషనేం చేస్తుందిలే అని మొదట్లో మూతి తిప్పుకున్నాను.

ఆత్రేయపురం నుంచి లావణ్యను వాళ్ళమ్మ సత్యవతి తీసుకొచ్చింది. పేర్లు మార్చాను. ఇంటి ముందే వాళ్ళకి పూతరేకుల కొట్టు. పిల్ల పదో తరగతి. క్లాసులో లేచి పాఠం చదవమంటే గొంతు పూడుకుపోయిందట, పిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి బడి పేరెత్తితే వాంతులు.

"స్కానింగులన్నీ తీయించామండి, ఏమీ లేదన్నారు. ఈ నెలాఖరుకి బడికెళ్ళకపోతే మానిపించేసి పూతరేకుల కుండ దగ్గర కూర్చోబెట్టేస్తానంటున్నారండి వాళ్ళ నాన్న" అంది సత్యవతి.

లావణ్య తలెత్తలేదు. ఏం అడిగినా పెదవి కదపలేదు. తెర ముందు కూర్చున్నాక మాత్రం వేళ్ళు ఆగలేదు. "నేను నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు" అని టైపు చేసింది. "అందరూ అంటే ఎవరెవరు?" అని ప్రోగ్రామ్ అడిగింది. వేళ్ళ మీద లెక్కపెట్టి "ముగ్గురు" అని కొట్టింది. నాతో ఒక్క ముక్క మాట్లాడని పిల్ల! నోరెళ్ళబెట్టి చూశాను.

తర్వాతి పాఠం ఎక్స్‌పోజర్. భయపడే పనులను నిచ్చెన మెట్లలా పేర్చుకుని, కింది మెట్టు అలవాటయ్యాకే పైది ఎక్కాలి. లావణ్య కూడా ఒకటి పేర్చుకుంది. అది విన్న సత్యవతికి హుషారు ఆగలేదు. ఆదివారం టూరిస్టు బస్సు ఆగగానే కూతుర్ని కొట్టు ముందు నిలబెట్టి, "రేకులెలా చేస్తారో మా అమ్మాయి చెప్తుందండీ!" అని కేకేసిందట. పిల్ల లోపలికి పరుగెత్తి తలుపు గడియ పెట్టేసుకుంది.

"ధైర్యం వస్తుందనుకున్నానండి" అంది మర్నాడు ఒక్కతే వచ్చిన సత్యవతి, కళ్ళొత్తుకుంటూ.

"ఏంటమ్మా ఇది! మెట్లన్నీ వదిలేసి ఒకేసారి డాబా మీదికి ఎగరమంటే ఎలాగ?" నాకు ఒళ్ళు మండిపోయింది.

లావణ్య ఇక రాదనుకున్నాను. వచ్చింది. నేరుగా కంప్యూటర్ దగ్గరికెళ్ళి పాత నిచ్చెన చెరిపేసి కొత్తది పేర్చుకుంది. తల వంచుకుని పూతరేకుల పెట్టె అందించడం. తర్వాత కళ్ళలోకి చూసి అందించడం. "బెల్లంవా, పంచదారవా అండి?" అని అడగడం. బోర్లించిన వేడి కుండ మీంచి రేకు తీస్తూ ముందు ఒకరికి, ఆనక బస్సువాళ్ళందరికీ వివరించడం. ఆపైన బడి. అన్నిటికన్నా పైమెట్టు మాత్రం ఖాళీగా వదిలేసింది. ఏ కుండ దగ్గర కూర్చోబెడతానని నాన్న బెదిరించాడో, ఆ కుండనే మెట్టు చేసుకుంది. అమ్మ బాబోయ్, ఎంత గుండె!

నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్. అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. పెట్టేయబోతున్నాను.

"మేడం... నేనండి. లావణ్యని."

ఆ గొంతు వినడం నాకదే మొదలు.

"బడి నుంచండి. హెడ్మాస్టర్ గారి ఫోను. ఇవాళ లేచి పాఠం చదివానండి. ఒకడు నవ్వాడు."

"నువ్వేం చేశావు?"

"మొత్తం చదివేశానండి."

"భయం పోయిందా తల్లీ?"

"లేదండి. ఇప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి. ఆ ఖాళీ మెట్టు ఇదేనండి. మీతో మాట్లాడటం."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. భయం పోయేదాకా ఆగక్కర్లేదని, వణుకుతూనే ఎక్కొచ్చని ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలు నాతో మాట్లాడకపోతే తొందరపెట్టను. కంప్యూటర్ ముందు కుర్చీ వేసి, నేను కాస్త ఎడంగా కూర్చుంటాను. వాళ్ళ నిచ్చెనలో నేను ఏ మెట్టు మీదున్నానో వాళ్ళకే తెలుసు.