భాస్కరరావు గారి కాలు విరగ్గొట్టిన వైనం

నేనొకసారి ఒక పెద్దమనిషి కాలు విరగ్గొట్టాను. కోపంతో కాదు, తగాదాలో కాదు. చల్లటి ఏసీ గదిలో, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, కంప్యూటర్ తెర మీద గీత పైకెక్కుతుంటే మురిసిపోతూ మరీ విరగ్గొట్టాను. పోలీసు కేసు ఎందుకు కాలేదని మీరు అడుగుతారు. చెప్తాను, ముందు నా ఉద్యోగం సంగతి వినండి.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఊపిరాడక నిలబడ్డ ఒక భవనం కింది అంతస్తులో యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. అప్పుడే అందులో చేరాను. విమానాలకు భాగాలు సరఫరా చేసే చిన్న కంపెనీలు కార్బన్ పీచునీ జిగురునీ కలిపి గట్టి పలకలు చేస్తాయి. వాటిలోంచి కోసిన ముక్కలు మాకు తెస్తే, మేము యంత్రానికి బిగించి, లాగి, వంచి, విరిగేదాకా హింసించి, ఎంత బరువు ఓర్చుకున్నాయో చెబుతాం. అంటే జీతం తీసుకుని వస్తువులు విరగ్గొట్టడం. చిన్నప్పుడు గ్లాసు జారవిడిస్తే నా వీపు మోగించిన మా అమ్మే, ఇప్పుడు "మా అమ్మాయి యూనివర్సిటీలో విరగ్గొడుతుంది" అని పక్కింటివాళ్లకు గొప్పగా చెప్పుకుంటోంది.

ఆ రోజు మా ప్రొఫెసర్ గారు ఊళ్లో లేరు. కేంద్రానికి నేనే మహారాణిని. నా సైన్యం యంత్రం నడిపే మల్లేశన్న ఒక్కడే.

బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపున్న భాస్కరరావు గారు వచ్చారు. గుంటూరు మాట, తెల్లటి చొక్కా, ముఖం నిండా కంగారు. ఆయన పలకలు పరీక్షలో గట్టెక్కితేనే విమాన కంపెనీ ఆయనతో మాట్లాడుతుంది.

"అన్నీ ఆ బల్ల మీద పెట్టానమ్మా. నా ముక్కలు నా కళ్ల ముందు విరుగుతుంటే చూడలేను. ఇరానీ చాయ్ తాగొస్తా, మీరు కానివ్వండి" అని వెళ్లిపోయారు.

కానిచ్చాం. బద్దల్లాంటి ముక్కలన్నీ బుద్ధిగా విరిగాయి. ఫలితాలు బ్రహ్మాండం. చివర్న బల్ల మీద గుడ్డలో చుట్టిన ఇంకొకటి మిగిలింది. విప్పితే నల్లగా, నున్నగా, కొడవలిలా వంకర తిరిగిన కార్బన్ పట్టీ.

"గిదేంది మేడమ్, గిట్ల వంకరగున్నది?" అన్నాడు మల్లేశన్న.

నాకు తెలియదు. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు తెలియదనే మాటను మర్చిపోయిన టిఫిన్ బాక్సులా ఇంటి దగ్గరే వదిలి వస్తారు కదా! గడ్డం నిమురుకున్నాను.

"నువ్వేమనుకుంటున్నావు?"

"విమానం దిగేటప్పుడు ఎగిరిపడకుండ కింద స్ప్రింగు అసొంటిది ఉంటది గద? గదే గిది. పక్కా."

"నేనూ అదే అనుకున్నా" అన్నాను, అస్సలు అనుకోకుండానే. "దీన్ని కూడా చెయ్యాలంటావా?"

"తెచ్చిండంటే చేయనీకే గద! దాచుకోనీకె తెస్తడా?"

ఇంత బలమైన తర్కం నాకు నాలుగేళ్ల ఇంజనీరింగులో ఎక్కడా తగల్లేదు.

ఆ వంకరది యంత్రంలో ఇమడనంది. చెక్కముక్కలు అడ్డం పెట్టి, కిందా మీదా పడి, పెళ్లికూతురిని పీటల మీద కూర్చోబెట్టినంత శ్రద్ధగా కూర్చోబెట్టాం. బరువు పెంచాం. వంగింది. వదిలితే టింగుమని లేచింది. ఇంకా పెంచాం. మళ్లీ లేచింది.

"మస్తున్నది మేడమ్! ఇరుగుతలేదు!"

"దాని సంగతి చూద్దాం, పెంచు!"

ఫటేల్! పైఅంతస్తులో సాఫ్ట్‌వేర్ పాఠం ఒక్కక్షణం ఆగిపోయింది. మేమిద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే భాస్కరరావు గారు లోపలికొచ్చారు.

"శుభవార్త సార్! పలకలు నెగ్గాయి! ఆ వంకరదైతే అద్భుతం. మీలాంటివాళ్లు ముగ్గురు ఒకేసారి ఎక్కినా తట్టుకుంటుంది."

"వంకరదేంటమ్మా?"

చూపించాను. రెండు ముక్కలూ.

ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "అది నా కాలమ్మా" అన్నారు.

"ఏ కాలం సార్?"

"కాలం కాదమ్మా. కాలు!"

ఎడమకాలి ప్యాంటు పైకెత్తారు. లోపల కృత్రిమ పాదం. అది రోజూ నడవడానికి. నేను విరిచింది ఆడుకోవడానికి. పంజాగుట్టలో బాగుచేయించుకుని, దారిలో మా దగ్గరికి వచ్చి, అలవాటుగా చేతిలోవన్నీ బల్ల మీద పెట్టారట. మర్నాడు ఎస్.ఆర్. నగర్‌లో షటిల్ ఫైనల్స్ ఉందట.

నేను రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని, అతుకుతాయేమోనని చూశాను. మల్లేశన్న మాత్రం "మరి గుడ్డ మీద రాయొద్దా సార్?" అని గొణిగాడు. భాస్కరరావు గారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వుతున్నకొద్దీ నాకు ఏడుపొచ్చింది.

ఆటోలో ఆయన్నీ ముక్కల్నీ ఎక్కించుకుని పంజాగుట్ట పరిగెత్తాను. కృత్రిమ పాదాలు అమర్చే సలీం భాయ్ పొద్దున్నే తను ఇచ్చిన పాదాన్ని చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఎట్ల ఇరిగింది? మెట్ల మీదికెల్లి పడ్డరా?"

"లేదు భాయ్. యంత్రంలో పెట్టి విరగ్గొట్టాను."

"చూస్కోకుండనా?"

"చూస్తూనే."

సలీం భాయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. అయితే ఎంత బరువుకు విరిగిందో చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "గంతనా? జర మళ్లొకసారి చెప్పుండ్రి!" అని పక్క దుకాణం వాళ్లని కూడా పిలిచి వినిపించాడు. ఆ హుషారులో మర్నాటి ఆటకి తన దగ్గరున్న మరో పాదం అమర్చి పంపాడు. భాస్కరరావు గారు ఫైనల్స్‌లో ఓడిపోయారు. "కాలు తప్పేం లేదమ్మా, నా సర్వీసే దరిద్రం" అని ఫోన్ చేసి మరీ చెప్పారు, పాపం.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ప్రొఫెసర్ గారు విమాన కంపెనీ పెద్దల్ని వెంటబెట్టుకుని కేంద్రం చూపిస్తున్నారు. టైలూ సూట్లూ, అంతా నిశ్శబ్దం. వాకిట్లో ఆటో ఆగింది. సలీం భాయ్ గోనెసంచి దించాడు. మల్లేశన్న గుమ్మంలోంచి గొంతెత్తి కేకేశాడు:

"మేడమ్! పంజాగుట్టకెల్లి కాళ్లొచ్చినయ్! అన్నీ ఇరగ్గొట్టాల్నంట!"

ఆ సాయంత్రమే యంత్రం మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. నా ముందుకొచ్చిన ఏ వస్తువునైనా "ఇది ఎవరి ఒంట్లోదండీ?" అని అడక్కుండా జన్మలో బిగించను. మొన్న ఒకాయన విమానం రెక్క ముక్క తెస్తే కూడా నియమం తప్పలేదు, అడిగాను. ఆయన నన్ను చాలాసేపు ఎగాదిగా చూసి, తన భుజాలు రెండూ ఒకసారి తడుముకుని, "నాదైతే కాదమ్మా" అన్నాడు.

అప్పుడే విరిచాను.