శుక్రవారం కట్టనందుకు జరిమానా

మా ఇంట్లో శుక్రవారం డబ్బు గడప దాటదు. మా అమ్మ దాటనివ్వలేదు, మా అత్తగారు దాటనివ్వలేదు, నేనూ దాటనివ్వను. శుక్రవారం పూట పక్కింటివాళ్ళు చిల్లర అడిగినా రేపు రమ్మనే వంశం మాది. ఆ పట్టింపుకి మెల్‌బోర్న్ చివర క్రెయిగీబర్న్‌లో సర్కారువాళ్ళు జరిమానా వేస్తారని ఎవరనుకుంటారు?

నేను చెప్తున్నాను, మా వీధిలో ఉండే తెలుగమ్మాయి రాసి పెడుతోంది. నా చదువు మూడో తరగతితో ఆగింది. తెలుగులో పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషులో నా పేరు, నా కారు నంబరు, సేల్ అన్న మాట చదవగలను. గొంతు కూడా నాది గరగరమంటుంది. "కొంచెం మెల్లగా చెప్పండి ఆంటీ, పాప పడుకుంది" అంటోంది ఈ పిల్ల ఇప్పటికి రెండుసార్లు. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ కాగితాలు ఆయనవి, గిన్నెలు నావి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నాకు వదిలిపెట్టి వెళ్ళింది ఒక కారు. వెండి రంగు, వెనక తలుపు ఒకటి లోపలినుంచి తెరుచుకోదు. యాభై ఏళ్ళు దాటాక డ్రైవింగు నేర్చుకుని మూడుసార్లు పరీక్ష తప్పాను. మూడోసారి పరీక్ష పెట్టినాయన నేను ఆపకముందే సీటుబెల్టు విప్పేసుకున్నాడు. నాలుగోసారి ప్యాసయ్యాను. ఆ రోజు కారుకి దిష్టి తీసి, నాకు నేనే మైసూరుపాకు చేసుకుని తిన్నాను.

ముసలివాళ్ళ హోములో లాండ్రీ పని నాది. దుప్పట్లు, తువ్వాళ్ళు, ముసలమ్మల నైటీలు ఉతికి మడత పెట్టాలి. పొద్దున ఆరింటికి మొదలు. ఆ వేళకి మా వైపు బస్సు తిరగదు. కారుంటే పావుగంటలో అక్కడుంటాను. కారు లేకపోతే ఆ ఉద్యోగమే లేదు, అంతే లెక్క.

ఏడాదికోసారి కారుకి రిజిస్ట్రేషను కట్టాలి. ఇక్కడ అందరూ ముద్దుగా రెగో అంటారు. ఆ కాగితం కిటికీ ఉన్న కవర్లో వచ్చింది. నేను పారేయలేదు, దాచి మరిచిపోనూ లేదు. కవరుకి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాను. మంచిరోజు చూసి కడదామని.

ఆ మంచిరోజు దగ్గరే వచ్చింది చిక్కంతా. నా జీతం గురువారం రాత్రికి బ్యాంకులో పడుతుంది. శుక్రవారం కట్టను, చెప్పాను కదా. శనివారం ఇనుముకి డబ్బు పెట్టను. కారంతా ఇనుమే కదా. ఆదివారం మా అమ్మాయి గీలాంగ్ నుంచి వస్తే ఫోన్లో కట్టిపెడుతుంది. ఆ ఆదివారం అమావాస్య. సోమవారం తెల్లారేసరికి ఇంటద్దె దానంతటదే బ్యాంకులోంచి లాక్కుపోతుంది. ఆ తర్వాత మిగిలినదానితో కారుకి పెట్రోలు పోస్తే నాకు పాలుండవు, పాలు కొంటే కారుకి పెట్రోలుండదు.

ఊళ్ళో మా అక్కకి ఫోన్ చేశాను. పంచాంగం దాని దగ్గరే ఉంటుంది.

"అక్కా, వచ్చే ఆదివారం ఎట్లా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందే. పన్నెండు దాటాక కట్టు."

"ఇక్కడ పన్నెండా, అక్కడ పన్నెండా?"

"మీకు పన్నెండైతే మాకు ఎంతే?"

"ఏడో, ఏడున్నరో."

"అయితే రెండుచోట్లా పన్నెండు దాటాక కట్టు, గొడవుండదు."

ఆ బ్రహ్మాండమైన ఆదివారం మా అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ పడింది. నర్సు ఉద్యోగం, కాదనడానికి లేదు. ఆ పై ఆదివారం అనుకున్నాం. ఈలోగా గడువు దాటి పంతొమ్మిది రోజులైంది. పూర్వం అద్దం మీద స్టిక్కరు ఉండేదట, తారీకు కళ్ళ ముందే కనపడేదట. ఇప్పుడు అదీ లేదు. కారు నిన్న ఎట్లా పోయిందో ఇవాళా అట్లాగే పోతోంది, దానికేం తెలుసు పాపం గడువు దాటిందని.

కెమెరాకి తెలుసు. ఇంకో కిటికీ కవరు వచ్చింది. లోపల మా కారు వెనకభాగం ఫోటో. మా అమ్మాయికి వీడియోలో చూపించాను.

"అమ్మా! దిస్ ఈజ్ ఎ ఫైన్! అన్‌రిజిస్టర్డ్ కారు నడిపావా నువ్వు?"

"నడిపితే ఏమయిందే, మెల్లగానే నడిపాను."

"దట్స్ నాట్ ద పాయింట్! రెగో ఎందుకు కట్టలేదు?"

"నువ్వు రాలేదుగా."

"అయ్యో, ఐ టోల్డ్ యూ, ఫ్రైడే నాడు ఫోన్లోనే చేసేద్దాం అని!"

"శుక్రవారమా?" అన్నాను. అది తల పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో అచ్చం వాళ్ళ నాన్నే.

తర్వాత అంకె చదివింది. ఆ అంకె ఇక్కడ చెప్పను. నా దగ్గరున్నది రెగోలో సగానికి సరిపోతుంది, లేదా జరిమానాలో సగానికి సరిపోతుంది. రెగో కట్టకపోతే కారు ఇంటిముందు బొమ్మ. జరిమానా కట్టకపోతే అది పెరిగి పెరిగి లైసెన్సు దాకా వస్తుందని అమ్మాయి అంది. ఎటు చూసినా ఆరింటి షిఫ్టుకి నేను చేరను. దాని జీతంలోంచి ఇస్తానంది కానీ, అది ఇంకో ముగ్గురితో కలిసి ఒక ఇంట్లో అద్దెకుంటోంది, కాలేజీ అప్పు తీరుస్తోంది. వద్దన్నాను.

పెద్ద ఉద్యోగాలవాళ్ళకీ అదే జరిమానా, దుప్పట్లు ఉతికే నాకూ అదే జరిమానా. వాళ్ళకది ఒక సాయంత్రం చిరాకు. నాకది ఉద్యోగం. తప్పు నాదే, కాదనను. కానీ తప్పు చేసిన మనిషి తప్పు దిద్దుకోవడానికైనా పనికి వెళ్ళాలి కదా, ఆ దారే మూసేస్తే ఎట్లా?

కారు ఇంటిముందు నిలబెట్టాను. మొదటిరోజు నడిచి వెళ్ళి ముప్పావుగంట ఆలస్యమయ్యాను. రెండోరోజు ఇంకా తొందరగా లేచి నడిచి, దారి తప్పి, గంట ఆలస్యమయ్యాను. కారుకి తెలిసిన దారి నా కాళ్ళకి తెలియలేదు. మా సూపర్‌వైజరు మంచిదే, కానీ చెప్పాల్సింది చెప్పింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పొద్దుటి షిఫ్టు వేరేవాళ్ళకిచ్చి నన్ను పిలిచినప్పుడు వచ్చే లిస్టులో వేస్తానంది. ఆ లిస్టులో ఉన్నవాళ్ళని ఎవరూ పిలవరు.

నాతో దుప్పట్లు మడతపెట్టే సమోవా దీవుల ఆవిడ ఇది విన్నది. ఇంత లావు మనిషి, నవ్వితే డ్రయ్యర్ల చప్పుడు కూడా వినపడదు. "సిస్, రేపట్నుంచి నేనొచ్చి ఎక్కించుకుంటా" అంది. రెండు వారాలు అట్లా ఎక్కించుకుంది. పెట్రోలుకి డబ్బు తీసుకోలేదు. ఉప్మా డబ్బా మాత్రం తీసుకునేది, కరివేపాకు ఏరి నా ఒళ్ళో వేసేది.

ఆవిడే చెప్పింది, లైబ్రరీ పక్కన సాయంచేసే ఆఫీసు ఒకటుందని, అప్పులూ జరిమానాలూ నెత్తిన పడ్డవాళ్ళకి ఉత్తినే సలహా చెప్తారని. వెళ్ళాను. తెల్లజుట్టు పెద్దావిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నా ఇంగ్లీషు రెండు నిమిషాలు విని, ఫోను బల్లమీద పెట్టి, తెలుగు దుబాసీని పిలిచింది. అవతలినుంచి తెలంగాణ అబ్బాయి గొంతు.

"నమస్తే అమ్మా. మీరు చెప్పింది నేను ఇంగ్లీషుల చెప్తా, మేడం చెప్పింది తెలుగుల చెప్తా."

బాగుంది అనుకున్నాను. పెద్దావిడ కాగితాలు వెతుక్కుంటుంటే నాలో నేనే అనుకున్నట్టు అన్నాను, "ఈవిడ పొద్దున జుట్టు దువ్వుకోలేదేమో."

ఫోనులోంచి ఇంగ్లీషు వచ్చింది. పెద్దావిడ గబుక్కున చెయ్యి జుట్టు మీద పెట్టుకుంది.

"అయ్యో బాబూ, అదెందుకు చెప్పావయ్యా!"

"మీరు ఏదంటే గది చెప్పాలె అమ్మా. రూలు." అని, ఆ ముక్కా ఇంగ్లీషులో చెప్పేశాడు.

పెద్దావిడ పకపకా నవ్వి, సొరుగులోంచి దువ్వెన తీసి నా ముందే దువ్వుకుంది. అక్కడినుంచి మాకు భయం పోయింది.

జరిమానా గురించి పెట్టుకునే ఫారంలో ఒక గడి ఉంది, ఎందుకు ఆలస్యమైందో రాయాలట. మా అమ్మాయి ముందే హెచ్చరించింది, "అమ్మా, ప్లీజ్, లక్ష్మి స్టోరీ మాత్రం చెప్పకు. జస్ట్ సే యూ వర్ సిక్." జబ్బు లేకుండా జబ్బని చెప్తే జబ్బు వస్తుంది. ఉన్నదే చెప్పాను. శుక్రవారం లక్ష్మీదేవి ఇల్లు దాటకూడదు, శనివారం ఇనుము, ఆదివారం అమావాస్య, సోమవారం అద్దె.

ఫోనులో అబ్బాయి అడిగాడు.

"గిదంత చెప్పాల్నా అమ్మా?"

"రూలన్నావుగా నాయనా."

చెప్పాడు. చాలాసేపే చెప్పాడు, మధ్యలో పెద్దావిడేదో అడిగితే మళ్ళీ చెప్పాడు. నేను ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. నవ్వలేదు. కలం పెట్టి రాసుకుంది. తర్వాత అడిగింది, "జీతం గురువారం, అద్దె సోమవారం. అంటే ఏడాది డబ్బు ఒక్కసారే కట్టడానికి చేతిలో ఎప్పుడూ ఉండదు, అంతేనా?"

నాలుగేళ్ళలో నన్నెవరూ అడగని మాట అది. నన్ను నేనూ అడగలేదు. నేను మంచిరోజు కోసం వెతుకుతున్నానని అనుకున్నాను. అసలు నాకు కావలసినంత డబ్బున్న రోజే లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుబాసీ అబ్బాయికి అది కనపడలేదు కాబట్టి ఇంగ్లీషులో చెప్పలేదు.

ఆవిడ రెండు సంగతులు చెప్పింది. నా పర్సులో ఉన్న తక్కువ ఆదాయం కార్డు చూపిస్తే రెగోలో కొంత తగ్గుతుందట. ఆ కార్డు నేను ఇన్నాళ్ళూ మందులషాపులో మాత్రమే చూపించాను. పైగా ఏడాదికి కాకుండా మూడేసి నెలలకీ కట్టుకోవచ్చట. ఇక జరిమానా సంగతి. డబ్బు లేనివాళ్ళు దానికి బదులు ఉచితంగా పనిచేసి తీర్చుకునే దారి ఉందట. ఒప్పుకుంటారో లేదో జవాబు రావాలి, అప్పటిదాకా జరిమానా పెరగకుండా ఆపుతారట.

"మూడు నెలల రెగో ఇప్పుడే ఇక్కడే కట్టేద్దామా?" అంది.

ఆ రోజు శుక్రవారం.

నేను కుర్చీలో అటూ ఇటూ కదిలాను. బ్యాంకు కార్డు చేతిలోనే ఉంది. ఎదురుగా గోడమీద గడియారం, కళ్ళ ముందు పొద్దున ఎక్కించుకున్న సమోవా ఆవిడ మొహం, సూపర్‌వైజరు లిస్టు. అప్పుడు తట్టింది. నేను కూర్చున్నది మా ఇంట్లో కాదు. ఇక్కడి గడప నాది కాదు. లక్ష్మీదేవి వెళ్ళినా ఈ ఆఫీసు గడపే దాటుతుంది, మా గడప కాదు.

"కట్టేయండి," అన్నాను.

"గడప ముచ్చట గూడ చెప్పాల్నా?" అన్నాడు అబ్బాయి. పైకే అనేసినట్టున్నాను.

"అది మనిద్దరి మధ్యే ఉండనీ."

"ఉండదమ్మా," అని అదీ చెప్పేశాడు.

సాయంత్రం అక్కకి చెప్తే, "ఎవరే నీకీ ఉపాయం చెప్పింది? ఇక్కడ కరెంటు బిల్లు శుక్రవారమే వస్తోంది, నేను ఆఫీసుకెళ్ళి కట్టేస్తా" అంది.

జవాబు ఒక నెలకి వచ్చింది. ఒప్పుకున్నారు. ఆ ఆఫీసులోనే బుధవారం సాయంత్రం ఊరందరికీ ఉచిత భోజనం పెడతారు, అక్కడ నాకు వంటపని. జరిమానాలో గంటకింత చొప్పున కొట్టేస్తారు. మొదటి బుధవారం పప్పు చేసి ఇంగువ తాలింపు పెట్టాను. తెల్లజుట్టావిడ వంటగది తలుపు దగ్గర నిలబడి, గ్యాసు లీకవుతోందా అని అడిగింది. తర్వాత మూడు గరిటెలు వేయించుకుంది. నాకా పని జరిమానాలా లేదు. అయిపోతే ఏం చేయాలా అని దిగులుగా ఉంది.

రెగో కట్టిన మర్నాటినుంచి నా కారులో నేనే పనికెళ్ళాను. ఆరుకి పది నిమిషాలు ముందే. సూపర్‌వైజరు గడియారం చూసి తల ఊపింది. షిఫ్టు నాకే ఉంది.

రెగో కట్టిన మరుసటి వారమే మడతబల్ల దగ్గర సమోవా ఆవిడకి మొత్తం కథ నా ఇంగ్లీషులో చెప్పాను, సగం చేతులతో. కార్డు చూపించాను, మూడు నెలల మాట చెప్పాను, కెమెరా సంగతి చెప్పాను. ఆవిడ ఎప్పటిలా నవ్వలేదు. దుప్పటి కొస పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమయింది?" అన్నాను.

"సిస్," అంది, "నా రెగో పోయి ఆరు వారాలయింది."

నేను లెక్కేసుకున్నాను. అంటే నా కారుకి రెగో లేదని, రెండు వారాలు రెగో లేని ఇంకో కారులో ఆవిడ పక్కన కూర్చుని దర్జాగా వెళ్ళాను.

"మరి నన్నెందుకు ఎక్కించుకున్నావే, పిచ్చిమొహమా!" అని తెలుగులోనే అరిచాను.

ఆవిడకి అర్థమైంది. "నువ్వు నడుస్తున్నావుగా," అంది.

ఆ మధ్యాహ్నం షిఫ్టు అవగానే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆఫీసుకి లాక్కెళ్ళాను. ఆవిడ కారు హోము పార్కింగులోనే ఉంది, నా కారులో వెళ్ళాం. దారి పొడుగునా "బ్రేక్, సిస్, బ్రేక్!" అని అరుస్తూనే ఉంది. ఆవిడ కాగితాలు తేలేదాకా, తెల్లారి ఐదుంపావుకి ఆవిడ ఇంటిముందు హారను కొట్టడం నా వంతు.