యెషయా తోడు

బోయిన్‌పల్లి ఇంకా మైలుందనగా బొగ్గు పొగతో నడిచే బస్సు దగ్గి దగ్గి ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనకాల పొయ్యి ఊదుతున్నాడు.

రెజిమెంటల్ బజార్లో కూరలమ్మే బాలమ్మ కళ్లు మాత్రం పక్కనాయన ఒళ్లోని జాడీ మీదే ఉన్నాయి. మేడ్చల్లో ఎక్కినప్పటి నుంచీ దానికి కంబళి చుట్టి పొట్టకు హత్తుకొని కూర్చున్నాడు. లోపల బుడబుడ. నిజాం లొంగి వారమైనా కాలేదు. ఎవరికి మాత్రం అనుమానం రాదు?

"ఏందయ్యా గది? సారానా, బాంబా?"

"రెండూ కాదమ్మా. ప్రాణమున్నదండీ ఇందులో."

"అయ్యో, పామా!"

ఆయన పేరు యెషయా, బాపట్ల పంతులుగారబ్బాయి. బెంగుళూరు వెళ్లి పులియబెట్టే శాస్త్రం చదివాడు. కల్లు నురగకట్టడానికి కూడా చదువెందుకురా అని తండ్రి చివరిదాకా అడుగుతూనే పోయాడట. లోకంలో సగం రుచులు కంటికానని జీవాల చలవేనని ఆయనకెవరు చెప్పాలి! యుద్ధకాలపు పెట్రోలు కరువులో మల్కాజ్‌గిరి అవతలి కార్ఖానా ఇప్పపువ్వు పులియబెట్టి మోటార్లు నడిపే స్పిరిట్ తీసేది. పాలకు తోడులాగా దానికీ ఒక తోడు కావాలి. యెషయా ఆరేళ్లుగా ఏరి ఏరి పెంచాడు. గొడవల్లో కార్ఖానా మూతబడి తొట్లలోదంతా చచ్చింది. మిగిలింది ఈ జాడీలోదే. బెల్లంనీళ్లు పోస్తూ ఒంటి వెచ్చదనంతో బతికించి, మళ్లీ ఆ కార్ఖానాకే చేరుస్తున్నాడు.

ఇదంతా చెప్పి, "కాస్త చూస్తూండండమ్మా" అని డ్రైవరుకు సాయంగా దిగాడు.

బాలమ్మ ఒక్క ముక్క నమ్మలేదు. జాడీ మూతికి వట్టి దూది. సారా వాసన గుప్పుమంటోంది. ముందేమో మిలిటరీ తనిఖీ; పక్కన కూర్చున్న పాపానికి తననూ దించుతారు. ఊరగాయ జాడీకి గాలి తగలకుండా కట్టడం ఆమెకు కొత్తా? దూది మీద తడిగుడ్డ కుక్కి, గంప తాడుతో బిగించి, మళ్లీ కంబళి కప్పేసింది.

యెషయా వచ్చి కూర్చున్నాక బస్సు కదిలింది. తనిఖీ దగ్గర సిపాయి ఎక్కి, కంబళి లాగి జాడీ ఎత్తాడు. ఠాప్! లోపల పట్టిన గాలికి గుడ్డ ఎగిరి అతని నుదుటికి కొట్టుకుంది. జాడీ కిందపడి పగిలింది. జనం సీట్ల కింద దూరారు. సిపాయి తుపాకీ ఎత్తాడు.

యెషయా తుపాకీ వంక చూడనే లేదు. మోకాళ్ల మీద పడి, పెంకులో మిగిలిన తోడు మడ్డికి అరచేతులు అడ్డుపెట్టాడు.

"క్యా హై యే?"

సారా దొంగయితే ముందు తన పానం చూసుకోడా? బాలమ్మకు అప్పుడు నమ్మకం కుదిరింది.

"అచార్ సాబ్, మేరా అచార్! ఖరాబ్ హోగయా!" అంటూ ఊరగాయని బొంకి, తన సొరబుర్రలోని నీళ్లు పారబోసి ఆయన ముందు పెట్టింది.

సిపాయి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "లే జావ్, లే జావ్!"

యెషయా మడ్డి బుర్రలోకి వంపి, దూది వదులుగా పెట్టాడు. అప్పుడు కంటపడింది తాడు ముక్క. దాన్ని చూశాడు. బాలమ్మ గంపను చూశాడు.

"తెల్వక జేసిన బిడ్డా..." అంది బాలమ్మ.

ఆయన సొరబుర్రను చొక్కాలో దోపుకొని, బస్సు దిగి, మల్కాజ్‌గిరి దిక్కుగా గబగబా నడిచి వెళ్లిపోయాడు.