రెండు వేళ్ల దూరం

ఈ ఉదయం వంటింటి తలుపు తీస్తే బందు కిర్రుమంది. రెండు చుక్కల నూనె వేశాను. తలుపుకు నూనె మంచిదే. నా కుడి మోచేతికి మాత్రం నూనె సీసా చూస్తే ఇప్పటికీ భయం. వెంటనే పెనుకొండ మస్తాన్ తాత గుర్తొచ్చాడు.

ఆయన వడ్రంగి. తలుపులు చేస్తూనే ఎముకలకు కట్లు కట్టేవాడు. 1978 మార్చిలో ధర్మవరంలో మా మగ్గం గుంతలో జారిపడి నా మోచేయి విరిగింది. నలభై రెండు రోజులకు ఆసుపత్రిలో కట్టు విప్పితే, చెయ్యి సగం వంగి ఆగిపోయింది. ఎడమచేతి వేళ్లు అడ్డం పెట్టి కొలిస్తే, నోటికీ కుడిచేతికీ మధ్య పద్నాలుగు వేళ్ల దూరం. ఇరవై మూడేళ్ల నాకు అమ్మ ముద్దలు పెట్టేది. నా అన్నం నా చేత్తో తినాలి. అంతకుమించి ఏమీ కోరలేదు.

రైలెక్కి పెనుకొండ వెళ్లాను. తాత చెయ్యి తడిమి చూసి వదిలేశాడు.

"నూనె పట్టించి గట్టిగా వంచు తాతా," అన్నాను.

"భుజమైతే నేనే చూసుకుందు. అది గిన్నెలో బంతి, ఎట్లైనా తిరుగుతాది, జారితే ఎక్కిస్తా. పుర్రెలో అతుకులుండాయి, అవి కదలనే కదలవు. మెడ మీద తల తిరగలి రాయి మాదిరి తిరుగుతాది, వంగుతాది. ఇది తలుపు బందు. ఒక్క దిక్కే. బిగుసుకున్న తలుపును తన్నితే ఏమైతాదమ్మా?"

"బందు ఊడుతుంది."

"తెలుసు గదా. నీ తలుపు నువ్వే తీసుకోవల్ల."

పూటకు ఇరవై సార్లు, రోజుకు మూడు పూటలు, నొప్పి మొదలయ్యే దాకా వంచి ఆపమన్నాడు. మొత్తం అరవై. నేను ఆగలేక రైల్లోనూ వంచేదాన్ని. రోజూ కొలిచి కాలెండరులో రాసేదాన్ని: పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు. తర్వాత పన్నెండు రోజులు పదమూడే. జూన్ ఆఖరుకు తొమ్మిది. ఆ వేగం నాకు చాలలేదు. హిందూపురంలో అక్క ఇంటికి వెళ్లి, ఆముదం పట్టించి, బలంగా వంచమన్నాను. ఆ సాయంత్రం ఏడు. ఇద్దరం సంబరపడ్డాం. తెల్లారేసరికి మోచేయి బూరెలా వాచింది. నాలుగో రోజు కొలిస్తే పదమూడు. తొమ్మిదని రాసేద్దామా అనుకున్నాను. పదమూడే రాశాను.

మళ్లీ పెనుకొండ వెళ్తే తాత కాలెండరు చూసి, "ఎవరు తన్నిరి తలుపును?" అన్నాడు.

"మా అక్క. నేనే తన్నమన్నాను."

"మీ యక్కది గట్టి చెయ్యే." నవ్వి, కాలెండరు నా ఒళ్లో పెట్టాడు. "వాపు కండ్లకు కనపడతాన్నా ఏం చేసుకోలేదంటారు సగం మంది. నువ్వు రాసుకొచ్చినావు. పో, పదమూడు కాడ్నుంచి మళ్లా మొదలుపెట్టు."

"ఎన్నాళ్లు పడుతుంది తాతా?"

"అది మోచేతినడుగు."

దీపావళికి రెండు వేళ్లకు వచ్చింది. సంక్రాంతికీ రెండే. ఉగాదికీ రెండే. ఆ మాట చెప్పి ఏడ్చాను. తాత చెక్కకు చిత్రిక పట్టడం ఆపలేదు.

"మోచెయ్యి ఇంతేనమ్మా. మెడ ఉండాది గదా," అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా తొందర మాత్రం పోలేదు. కానీ రోజుకు మూడు పూటలు ముద్ద ఎత్తుతాను, చెయ్యి తన చోట ఆగుతుంది, నేను తల వంచుతాను. అన్నానికి దండం పెడుతున్నావా అని మనవరాలు అడుగుతుంది. కాదు, రెండు వేళ్లు తక్కువ వచ్చాయి, కలుపుతున్నానంటాను.