మూడో బల్ల

మా ఉష్టోబె ఊరి చర్చిలో తండ్రుల బడి పెట్టిన ఏడాది నేను అక్కడి వంటగదిలో పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, అది వేరే సంగతి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు ఇళ్లకు పోయేవాళ్లు. మగవాళ్లు కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చునేవాళ్లు. మంచి క్రైస్తవ తండ్రి ఎలా ఉండాలో సియోల్ నుంచి వచ్చిన మున్ పాస్టర్ వాళ్లకు పాఠాలు చెప్పేవాడు. ఆయనకు ఒక్కతే పాప, దానికింకా పళ్లే రాలేదు. వినేవాళ్లలో సగంమంది తాతలు. నేను కుక్సి పులుసుకు సేమ్యా ఉడకబెడుతూ అన్నీ వినేదాన్ని. నవ్వొచ్చేది, ఒళ్లు మండేది కూడా.

మా మరిది ట్రోఫిమ్ హెగాయ్ తలుపు పక్క కుర్చీలో కూర్చునేవాడు. నా చెల్లెలు జోయా మొగుడు. ఉల్లి పండించే మనిషి. తాతల కాలంలో వచ్చి ఇక్కడి పేర్లు పెట్టుకున్న మా కొరియావాళ్లలో ఉల్లి పండించడమంటే ఇంట్లో ఉండకపోవడమే. మంచు కరగ్గానే జట్టుగా బయల్దేరి, ఎక్కడో దూరాన పొలం కౌలుకు పట్టి, గుడిసె వేసుకుని, పంట ఎత్తాక గాని తిరిగి రారు. వచ్చాక చలికాలమంతా నిద్రపోతారు. అలా ఆయన ఒక కూతుర్ని పెంచాడు. పెంచాడంటే, జోయా పెంచింది. నడుం పోయాక ఊరి పక్కనే చిన్న పొలం చెక్క పట్టి చేసుకుంటున్నాడు. పాఠం మొదలైన కాసేపటికే ఆయన తల వాలిపోయేది. నేను గరిటెతో గిన్నె మీద గట్టిగా కొట్టేదాన్ని, ఉలిక్కిపడి లేచేవాడు.

మొదటి పాఠానికి ఇంటిపని ఇచ్చారు: పిల్లల్ని కౌగిలించుకుని రావాలి. ట్రోఫిమ్ కూతురు రిమ్మాకు అప్పటికే ముప్పై దాటింది, రైల్వే స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే ఉద్యోగం. డ్యూటీ దిగి వస్తున్న పిల్లను ట్రోఫిమ్ గుమ్మంలోనే కౌగిలించుకున్నాడు. ఆమె ముఖం తెల్లబోయింది.

"డాక్టరేమన్నాడు నాన్నా? దాచకు, చెప్పెయ్."

"ఏమనలేదు. చర్చిలో ఇచ్చిన పని."

"ఓ. అయిపోయిందా మరి? చెప్పులు విప్పుకోనీ."

ఇది చెప్పి జోయా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వాల్సిన విషయమేం కాదనిపించింది.

ఆ వసంతంలోనే రిమ్మాకు సంబంధం కుదిరింది. ఎవరూ చూసిన సంబంధం కాదు, ఆ పిల్లే ఇష్టపడింది. అబ్బాయి ఆర్కాడీ లిగాయ్, రైలు ఇంజన్లు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. తల్లి క్లావ్దియా విధవరాలు, పాతకాలపు మనిషి. కొడుకును వెంటబెట్టుకుని, పెట్టెల్లో సారె సర్ది, నిశ్చితార్థానికి మా వాళ్లింటికొచ్చింది. తిన్నాం, తాగాం. అంతా బాగానే నడుస్తోంది. అప్పుడు క్లావ్దియా నవ్వుతూనే అడిగింది:

"మొదటి పుట్టినరోజు బల్ల మీద మా కోడలు ఏం పట్టుకుంది?"

మాకు మనిషి జన్మలో మూడు బల్లలు. ఏడాది నిండిన రోజు మొదటిది, పెళ్లికి రెండోది, అరవై నిండితే మూడోది. మొదటి బల్ల మీద బియ్యం, దారం, పుస్తకం, కత్తెర పెట్టి బిడ్డను వదులుతాం. ఏది పట్టుకుంటే బతుకు అలా ఉంటుందంటారు. మొదటిది పెట్టని మనిషికి రెండోది పెట్టకూడదు. పెడితే కీడు. చర్చికొచ్చే మేము కూడా ఈ ఒక్క విషయంలో గొంతు తగ్గించే మాట్లాడతాం.

"దారం పట్టుకుంది వదినగారూ, ఆ వెంటనే పుస్తకం!" అంది జోయా, ఊపిరి కూడా తీసుకోకుండా. నేను తల వంచుకుని క్యారెట్ సలాడ్ కలుపుతున్నాను.

ఆ ముందు ఆదివారమే మున్ పాస్టర్ పాఠం చెప్పాడు, పిల్లల ఎదుట అబద్ధమాడని తండ్రి గురించి. ఆ పాఠం వారం ఆలస్యంగా వచ్చినా సరిపోయేది. లేదా ఆ రోజు నేను గిన్నె మీద కొట్టకుండా ఉన్నా సరిపోయేది.

"ఏమీ పట్టుకోలేదు. బల్లే పెట్టలేదు," అన్నాడు ట్రోఫిమ్. "నేను పొలంలో ఉన్నాను. వస్తానని కబురు పంపాను, రాలేదు. నారు ఎండిపోతోందని ఆగిపోయాను. నాకోసం చూసీ చూసీ రోజు గడిచిపోయింది. తప్పు నాది."

క్లావ్దియా మెల్లగా లేచి కోటు తొడుక్కుంది. సారె పెట్టెలు మళ్లీ కారెక్కించమని కొడుకుతో చెప్పింది. ఆర్కాడీ ఏదో అనబోతే, "నీ కోసమేరా," అంది. రిమ్మా గేటు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఏడవలేదు. తండ్రి ముందు నిలబడి అంది:

"ఇన్నేళ్లూ ఇంట్లో లేవు నాన్నా. ఇవాళ ఒక్కరోజు కూడా లేకుండా ఉంటే నీ సొమ్మేం పోయేది?"

తర్వాత నేను ఊరుకోలేదు. పెరట్లో పట్టుకుని దులిపేశాను.

"నిజమే కదా వదినా చెప్పాను," అన్నాడు.

"నిజం చెప్పడానికి నీకీ రోజే దొరికిందా? ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఎవరూ అడగలేదు."

ఇంకేమంటాం ఇలాంటి మనిషిని!

ఆర్కాడీ మంచివాడు. బల్లా వద్దు ఏమీ వద్దు, ఆఫీసుకెళ్లి రిజిస్టర్ చేసుకుందాం అన్నాడు. రిమ్మా ఒప్పుకోలేదు. "రేపు నీకు జ్వరమొచ్చినా మీ అమ్మ నన్నే చూస్తుంది. రోజూ ఆ చూపుల మధ్య నేను బతకలేను," అంది. ఉద్యోగానికి వెళ్లేది, వచ్చేది, గది తలుపేసుకునేది. చెల్లెలింట్లో ముగ్గురూ మూడు వేళల్లో తినడం మొదలుపెట్టారు.

తర్వాతి ఆదివారం ట్రోఫిమ్ నిద్రపోలేదు. చెయ్యెత్తాడు. బడిలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"నా తప్పు దేవుడు క్షమిస్తాడన్నారు పాస్టర్ గారూ. సంతోషం. దానికి నా కూతురికి శిక్ష పడుతోంది కదా, దాన్ని ఎవరు తీస్తారు?"

మున్ పాస్టర్ అవి మూఢనమ్మకాలన్నాడు, ప్రార్థన చేద్దామన్నాడు. చేశారు కూడా. చెడ్డవాడేం కాదు పాపం, చిన్నవాడు.

చివరి పాఠం రోజున తండ్రులు పిల్లల కాళ్లు కడగాలి, సర్టిఫికెట్లు పుచ్చుకోవాలి. నేను పళ్లేలు సర్దుతుంటే ట్రోఫిమ్ వంటగది తలుపు దగ్గరకొచ్చాడు. పెళ్లినాటి సూటు వేసుకున్నాడు, భుజాల దగ్గర వేలాడుతోంది.

"వదినా, క్లావ్దియా గారింటికి నాతో రా. ఒంటరి ఆడమనిషి, నేనొక్కణ్ణే పోతే బాగుండదు."

"కాళ్లు కడగడం సంగతేంటి?"

"మా అమ్మాయి రాలేదు కదా."

వెళ్లాం. క్లావ్దియా మమ్మల్ని కూర్చోమంది గాని టీ పెట్టలేదు.

"నేను రాక్షసిని కాదు అన్నయ్యగారూ," అంది. "నాకున్నది వీడొక్కడే. వీళ్ల నాన్న పోయాక ఈ గుండెలో భయం తప్ప ఇంకేం మిగల్లేదు."

"నాకర్థమైంది చెల్లెమ్మా," అన్నాడు ట్రోఫిమ్. "ఈ సెప్టెంబర్‌లో నాకు అరవై నిండుతాయి. మూడో బల్ల నాకు రావాలి. అది నేను తీసుకోను. బాకీ నాది, నా బల్లలోంచే తీసుకోండి. మా అమ్మాయికి మాత్రం పెళ్లిబల్ల పెట్టనివ్వండి."

అరవయ్యో బల్ల అందుకోని మనిషిని మావాళ్లు భోజనం మధ్యలో లేచిపోయినవాడిగా చూస్తారు. పొలాల్లో నడుం విరగ్గొట్టుకున్న మగవాళ్లు ఆ ఒక్కరోజు కోసమే బతుకుతారు. కొత్తబట్టలు కట్టుకుని కూర్చుంటే పిల్లలు వచ్చి నేలకు తలానించి మొక్కుతారు. ఆయన జన్మకు అదొక్కటే పండగ.

క్లావ్దియా కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"పిల్లలు బతిమాలితే?"

"కూర్చోను."

"మాటా?"

"దేవుడి ముందు మాట. రిమ్మాకు మాత్రం చెప్పొద్దు."

అప్పుడు లేచి టీ పెట్టింది. పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మేం తిరిగొచ్చేసరికి చర్చిలో తొట్లు బోర్లించి ఉన్నాయి. ట్రోఫిమ్‌కు సర్టిఫికెట్ రాలేదు. హాజరు చాల్లేదన్నారు.

ఆగస్టులో పెళ్లయింది. బల్ల మీద ఉడికించిన కోడిపుంజు ముక్కున ఎర్ర మిరపకాయతో కూర్చుంది, అన్నీ పద్ధతిగా జరిగాయి. ఆర్కాడీయే తల్లిని ఒప్పించాడని రిమ్మా నమ్మింది. తండ్రితో రెండు ముక్కలు మాట్లాడింది, అవీ ఫొటోల కోసం.

సెప్టెంబర్ రాగానే ఎంత కోపమున్నా కూతురు కూతురే కదా, అరవయ్యో బల్లకు కఫేలో హాలు మాట్లాడింది. ట్రోఫిమ్ వద్దన్నాడు. ఎందుకని అడిగితే పంట పని ఉందన్నాడు. రిమ్మా నా దగ్గరకొచ్చి గయ్యిమంది.

"చూశావా పెద్దమ్మా! నా బల్లకూ రాడు, తన బల్లకూ రాడు. ఆ ఉల్లిపాయల్నే కనుండాల్సింది!"

నాకు నోరాగలేదు. ఆగకపోవడమే మంచిదయింది. క్లావ్దియా ఇంట్లో జరిగిందంతా చెప్పేశాను. పిల్ల నా మంచం మీద కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చెప్పించుకుంది. ఆ మాట వదిలేయమని అత్తగారిని అడిగి రమ్మన్నాను. అడిగొచ్చింది. మాట మాటేనందట క్లావ్దియా, తనూ ఏడుస్తూ.

పుట్టినరోజు పొద్దున రిమ్మా నన్ను పొలానికి తీసుకెళ్లింది. ట్రోఫిమ్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉల్లిపాయల తోకలు కోస్తున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"హాలూ గీలూ అంటే నేను రాను."

"రావద్దులే," అంది రిమ్మా. నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, బల్ల లేకుండా మొక్కకూడదని ఎక్కడైనా ఉందా?"

మా పద్ధతులన్నీ నాకు తెలుసు. ఒక్కసారి అన్నీ తిరగేసుకున్నాను.

"లేదమ్మా," అన్నాను. "ఎక్కడా లేదు."

రిమ్మా ఉల్లిపొట్టులో మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ నేలకు ఆనించి, నుదురు మట్టికి తగిలేలా వంగింది. ట్రోఫిమ్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

"లేమ్మా. మట్టి అంటుతుంది."

ఆమె లేవలేదు. తల ఎత్తకుండానే అంది:

"ఆ రోజు నువ్వు రావాల్సింది నాన్నా."

"రావాల్సిందమ్మా," అన్నాడు ట్రోఫిమ్. "నారు ఎలాగూ ఎండిపోయింది. నేను రావాల్సింది."

అప్పుడు లేచింది.