లైట్లకు నిలబడే బొమ్మక్క

మా ఆడపడుచు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో చెప్పడానికి నాకు నామోషీగా ఉండేది. ఏడాదిలో ఎక్కువ భాగం ఆవిడ ఇస్త్రీ షాపులో బల్ల ముందు నిలబడుతుంది. ఎండలు ముదరగానే అక్కడ సెలవు పెట్టి, సంగీత నాట్య శిక్షణాలయానికి వెళ్లి నిలబడుతుంది. వెటకారానికి అనడం లేదు. నిలబడటమే అక్కడ ఆవిడ పని.

ఆ శిక్షణాలయం వేసవి సెలవుల్లోనే తెరుస్తారు. ఎక్కడెక్కడి పిల్లలో పెట్టెలు మోసుకుంటూ వచ్చి హాస్టల్లో దిగుతారు. ఒక గదిలో వయొలిన్లు, పక్కగదిలో పాట, ఎదురుగదిలో కర్రతో తాళం కొడుతూ అడుగులు. వరండాలో కాసేపు ఉంటే చాలు, తల దిమ్మెక్కిపోతుంది. సెలవుల చివర్లో వారం పాటు ఉత్సవం. నేర్చుకున్న పిల్లలూ నేర్పిన పెద్దలూ రోజూ సాయంత్రం స్టేజీ ఎక్కుతారు.

ఆ సాయంత్రానికి మధ్యాహ్నమే లైట్లు సరిచేసుకోవాలి. నాట్యం చేసేవాళ్లని అంతసేపు నిలబెడితే అలిసిపోతారు కదా, అందుకని వాళ్ల బదులు మా వదిన నిలబడుతుంది. "రెండడుగులు కుడికి బొమ్మక్కా! గడ్డం ఎత్తు! కదలకు!" అని లైట్లాయన హాలు వెనకగదిలోంచి మైకులో అరుస్తుంటాడు. వెలుగు సరిగ్గా మొహం మీద పడేదాకా ఆవిడ రెప్ప కూడా వెయ్యదు. అందుకే పిల్లలు బొమ్మక్క అని పేరు పెట్టారు. ఆవిడ మర్చిపోయిన అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేను చాలాసార్లు చూశాను. అసలు మనిషి వచ్చి ఆ వెలుగు అంచున కాలు పెట్టగానే, ఎవరూ చెప్పకుండానే వదిన తల వంచుకుని పక్కతెర చాటుకి వెళ్లిపోతుంది. ఆ వెళ్లడం చూస్తే నాకు చిరాకేసేది. దొంగతనం చేసి పట్టుబడినట్టు అంత గబగబా వెళ్లడం ఎందుకు?

ఒకప్పుడు ఆవిడా అక్కడి విద్యార్థే. మూడో వేసవిలో గెంతు తప్పి చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ కాలు మాట వినడం మానేసింది. నాట్యం నేర్పే పెద్ద టీచరు జాలిపడి, "ఇంటికెళ్లి ఏం చేస్తావు? లైట్లకి నిలబడు" అన్నారు. ఈ ఒక్క వేసవీ అనుకుంటూనే వదిన జుట్టు నెరిసింది.

మా అత్తగారు మాత్రం ఆ తరవాత ఆ గేటు వైపు చూడలేదు. కూతురు జనం ముందు నిలబడితే కళ్లారా చూడాలని ఎంత ముచ్చటపడిందో, కాలు విరిగాక అంత మొండికేసింది. "ఖాళీ కుర్చీల ముందు నిలబడేదాన్ని చూడ్డానికి నేనెందుకు?" అని పుల్లవిరుపుగా అనేది. వదిన క్యారేజీ సర్దుకుని వెళ్లిపోయేది.

మొన్న వేసవిలో పెద్ద టీచరు కొత్త నృత్యం కట్టారు. ఇంట్లోంచి అలిగి వెళ్లిపోయిన కూతురు, ఏళ్ల తరవాత తల్లి కోసం తిరిగొచ్చే కథ. తల్లి వేషానికి అడుగులేమీ లేవు. మొదటినుంచీ వెలుగులో నిలబడి ఎదురు చూడాలి, చివర్లో కూతురు వచ్చి చెయ్యి చాపితే అందుకోవాలి, అంతే. "నీకంటే బాగా నిలబడేవాళ్లు నాకెక్కడ దొరుకుతారే?" అన్నారట టీచరు. ఇంటికొచ్చి వదిన ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పింది. నేను వేళాకోళమాడబోయి నోరు మూసుకున్నాను.

"అమ్మా, ఈసారి కుర్చీల్లో జనం ఉంటారు. వస్తావా?" అని అడిగింది వదిన.

అత్తగారు దుప్పటి మడతపెడుతూనే, "లైట్లు చూడ్డానికైతే రాను" అంది.

"లైట్లు కాదమ్మా. నన్ను చూడు."

ఆ మడత ఎంతకీ అవలేదు. చివరికి అత్తగారు నావైపు తిరిగి, "నా మంచి చెప్పులెక్కడ పెట్టావే?" అంది.

రిహార్సల్సన్నీ క్లాసుగదిలో, మామూలు ట్యూబులైట్ల కిందే జరిగాయి. చెయ్యి చాపడం, చెయ్యి అందుకోవడం అన్నీ బాగానే కుదిరాయట. ప్రదర్శన రోజు మధ్యాహ్నం స్టేజీ మీద లైట్లు పెట్టుకుంటున్నప్పుడు మాత్రం వదిన ఒక్కతే ఉంది, ఎప్పటిలాగే.

హాలు నిండిపోయింది. మేం రెండో వరసలో కూర్చున్నాం. తెర లేచింది. చీకట్లో ఒక్కచోట గుండ్రంగా వెలుగు, ఆ వెలుగులో మా వదిన. అత్తగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అదేనా?"

"అదే, అత్తయ్యా."

"ఎంత నిటారుగా నిలబడిందే!" అని పైకే అనేసింది. ముందువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూశారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నాకూ ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఇంట్లో మాతో తిరిగే మనిషి మొహంలో అంత ఎదురుచూపు ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

చివరి ఘట్టం వచ్చింది. కూతురు వేషం వేసిన అమ్మాయి స్టేజీ ఆ చివరినుంచి పరుగెత్తుకొచ్చి, వెలుగు అంచున కాలు పెట్టి, చెయ్యి చాపింది.

వదిన తల వంచుకుని పక్కతెర చాటుకి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి చెయ్యి గాల్లో ఉండిపోయింది. లైట్లాయనకి ఏం చెయ్యాలో తోచలేదు కాబోలు, వెలుగు అలాగే ఉంచాడు. ఆ పిల్ల గట్టిది. ఆ ఖాళీ వెలుగు ముందే కూలబడి, లేని తల్లి పాదాలు తడుముతూ ఏడ్చింది. పాట ముగిసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా వెనకాయన కళ్లు తుడుచుకుంటూ, "తల్లి ఎప్పుడో పోయిందన్నమాట! ఏం ఊహ!" అంటున్నాడు. ఆయన నోరు నొక్కెయ్యాలనిపించింది.

నేను స్టేజీ వెనక్కి పరుగెత్తాను. వదిన బట్టలపెట్టెల మధ్య ముడుచుకుని కూర్చుని, "కావాలని చెయ్యలేదు టీచర్, కాళ్లే వెళ్లిపోయాయి" అంటోంది. పెద్ద టీచరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనీలే, మన మంచికే అయింది. రేపటి ఆటకి కూడా ఇలాగే ఉంచేద్దాం. తల్లి వేషం తీసేస్తాను. వట్టి వెలుగు చాలు" అని భుజం తట్టి వెళ్లిపోయారు. ఆవిడ మంచిమనిషే. ఆవిడ కంటికి నాట్యం తప్ప ఇంకేమీ ఆనదు.

ముగ్గురం ఇంటికొచ్చాక అత్తగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ మెల్లగా అడిగింది.

"చక్కగా నిలబడ్డావు కదే. ఎందుకు తప్పుకున్నావు?"

"ఆ అమ్మాయి వచ్చేసింది కదమ్మా" అంది వదిన.

అత్తగారు గోడ పట్టుకుని అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు.

మర్నాడు వదిన ఎప్పటిలాగే క్యారేజీ సర్దుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇంకా ఎందుకు వదినా వెళ్లడం? తల్లి వేషం తీసేశారుగా! అక్కడ ఉండేది వట్టి వెలుగేగా!"

"వట్టి వెలుగైనా సరైన చోట పడాలి కదే" అంది వదిన క్యారేజీ మూత బిగిస్తూ. "మనిషి నిలబడి చూపించకపోతే లైట్లాయనకెలా తెలుస్తుంది?"